డబ్బా పంపుతున్నాను, అందగానే ఫోన్ చెయ్యి

పెరంబూరు, చెన్నై

చిరంజీవి హారికకు,

నాన్న ఆశీస్సులు. ఇక్కడ అందరం క్షేమం. అమ్మ మోకాలి నొప్పి ఎప్పట్లాగే ఉంది. సుందరం వాళ్ల కుక్క మళ్లీ చెప్పు ఎత్తుకెళ్లింది, ఈసారి నాది.

ఫోన్ ఎత్తడం లేదని ఉత్తరం రాస్తున్నాననుకోకు. ఆఫీసు పని ఎలా ఉంటుందో నాకు తెలియదా? ‘బిజీ నాన్నా, తర్వాత చేస్తా’ అన్న మెసేజ్ వచ్చి చాలా రోజులైంది. తర్వాత అంటే ఎప్పుడు అని మీ అమ్మ అడుగుతోంది. నేను అడగడం లేదు.

అసలు రాయాలనుకున్నది గుమ్మడికాయ గురించి. బాలు కోయంబేడు నుంచి పెద్ద కాయ తెచ్చి, సగం కోసి మనింట్లో పెట్టిపోయాడు. పులుసు పెట్టుకున్నాం, కూర వండుకున్నాం, ఇంకా తరగలేదు. అప్పుడు సంక్రాంతికి వచ్చినప్పుడు నువ్వు ఫోన్‌లో చూపించిన గుమ్మడి ప్రొటీన్ బాల్స్ గుర్తొచ్చాయి. బేకింగ్ అక్కర్లేదు, ఓవెన్ అక్కర్లేదు అని అవి చేసి చూపించేవాళ్లు అంత గొప్పగా చెప్పుకుంటుంటే నాకు నవ్వొచ్చింది. సున్నుండలకు ఏ ఓవెన్ వాడాం? నువ్వులుండలకు, చలిమిడికి?

సరే, చేశాం. బాగున్నాయి. నీ గదిలో ఇండక్షన్ స్టవ్ ఉంది కాబట్టి నువ్వూ చేసుకోవచ్చు. రాత్రి తొమ్మిదింటికి వచ్చి వండుకునే ఓపిక లేక ఏమీ తినకుండా పడుకునే వాళ్లకు ఇలాంటివి పనికొస్తాయి. నిన్ను అనడం లేదు. గుమ్మడికాయల దొంగ అంటే నువ్వు భుజాలు తడుముకోకు.

ఎర్ర గుమ్మడి పావుకిలో చాలు. బూడిద గుమ్మడి కాదు, అది దిష్టికీ వడియాలకీ. తొక్క తీసి ముక్కలు చేసి ఆవిరి మీద ఉడికించు. నీళ్లలో వేసి ఉడికిస్తే ముక్కలు ఆ నీళ్లు పీల్చుకుంటాయి, తర్వాత నీకే తిప్పలు. అసలే అందులో నూటికి తొంభై వంతులకు పైగా నీళ్లే. మెత్తగా మెదిపి మూకుడులో సన్న సెగ మీద కలుపుతూ ఉండాలి. మొదట బుడబుడమంటూ చిందుతుంది, చెయ్యి కాస్త దూరంగా పెట్టుకో. ఆ చప్పుడు తగ్గి, గరిటె లాగితే మూకుడు అడుగు కనబడి, ముద్ద అంచులు వదిలి గరిటె వెంట వచ్చేదాకా ఆగాలి. ఇక్కడే అందరూ తొందరపడతారు. తడి ఉంటే ఉండ నిలవదు, నిలిచినా మర్నాటికి పుల్లబడుతుంది.

చల్లారాక పొడులు కలపాలి. ఓట్స్, పుట్నాలపప్పు, వేరుశనగపప్పు, గుమ్మడి గింజలు ఒక్కోటి 50 గ్రాములు వేయించి మిక్సీలో పొడి కొట్టాం. గింజలు మాత్రం సగం పలుకుగా ఉంచాను, పంటికి తగిలితే బాగుంటుంది. తీపికి ఎనిమిదో పదో ఖర్జూరాలు సన్నగా తరిగి వెయ్యి. బెల్లం వేస్తే కరిగి నీరౌతుంది. రెండు యాలకులు. మీ జిమ్ డబ్బాలోని ప్రొటీన్ పొడి వేస్తానంటే ముద్ద చల్లారాకే వెయ్యి, వేడి మీద వేస్తే గడ్డలు కడుతుంది. ఆ పొడి విషమని నేననను. పాలు విరిగితే మిగిలే తేట నుంచి తీసినదే కదా. అన్నం మానేసి అదొక్కటే తాగితేనే ఇబ్బంది. ఎవరు తాగుతున్నారని కాదు, మాటవరసకు చెప్తున్నా.

వేరుశనగపప్పు ఏరి పంపుతున్నాను. అక్కడ కొన్నా ముడతలు పడినవి, నల్లబడినవి, చేదుగా ఉన్నవి పారెయ్యి. వాటికి పట్టే బూజులో అఫ్లటాక్సిన్ అనే విషం ఉంటుంది, వేయించినా పూర్తిగా పోదు. గుమ్మడి గింజలు మన కాయవే. కడిగి డాబా మీద ఎండబెట్టాం, మీ అమ్మ సీరియల్ చూసినంతసేపూ నేను గోటితో ఒలుస్తున్నాను. బొటనవేలి గోరు వాచింది, అది వేరే సంగతి.

ఇక లెక్క. నవ్వకు, లెక్క వెయ్యకుండా నాకు తోచదు. గుమ్మడికాయ పేరే గానీ, 100 గ్రాముల గుజ్జులో ప్రొటీన్ ఒక గ్రాము ఉంటే గొప్ప. దాని గొప్పతనం రంగులో ఉంది. ఆ పసుపే ఒంట్లోకి వెళ్లి విటమిన్ ఎ అవుతుంది, అదీ కాస్త నూనె పదార్థం తోడుంటేనే బాగా ఒంటబడుతుంది. ప్రొటీన్ అంతా గింజల్లో, పప్పుల్లో ఉంది. 100 గ్రాముల గింజల్లో దాదాపు 30 గ్రాములు. నేను చెప్పిన కొలతకు పదహారు ఉండలొస్తాయి, ఒక్కోదానికి 3 గ్రాములు పడుతుంది. అంటే రెండుండలు ఒక గుడ్డుకి సమానం. హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ వాళ్లు 2020లో చెప్పిన ప్రకారం మనిషికి కిలో బరువుకి రోజుకు 0.83 గ్రాములు కావాలి. నువ్వు 55 కిలోలు అనుకుంటే 45 గ్రాములు పైన. (ఇంకా 55 ఉన్నావా?) కసరత్తు చేస్తే ఇంకాస్త ఎక్కువే కావాలి, కాదనను. అదంతా ఉండలతో నింపాలంటే రోజూ పదిహేను తినాలి! ఇవి సాయంత్రం నాలుగింటికి తినడానికి హారికా, రాత్రి భోజనానికి బదులు కాదు.

మొన్న కిరణ్ వచ్చాడు. ఊరికే, రాజ్యం అత్తయ్య పంపిన ఆవకాయ ఇచ్చిపోదామని. బెంగళూరు హెచ్ఎస్ఆర్ లేఅవుట్‌లో ఏదో జిమ్ మెట్ల మీద నువ్వు తల పట్టుకుని కూర్చుంటే చూశాడట. వాడి మాటలు నేను పట్టించుకోను, చిన్నప్పటి నుంచి ఒకటికి పది కలిపి చెప్తాడు. ‘నాన్నకు చెప్పకు’ అన్నావన్నది మాత్రం కలిపి చెప్పినట్టు లేదు.

అది వదిలెయ్. శేషు చిన్నాన్న మద్రాసు వచ్చిన కొత్తలో సంగతి చెప్పానా? చెప్పే ఉంటాను, అయినా విను. తిరువల్లిక్కేణిలో (ట్రిప్లికేన్) ఒక మాన్షన్‌లో, అంటే మగవాళ్లు అద్దెకుండే లాడ్జిలో ఉండేవాడు. పోలీసు ఉద్యోగం పిచ్చి, ఛాతీ కొలత చాలదని బెంగ. ఎవరో చెప్పారని అన్నం మానేశాడు. పొద్దున పచ్చిగుడ్లు, మధ్యాహ్నం అరటిపండ్లు, రాత్రి గ్లాసుడు పాలు. సాయంత్రమైతే మెరీనా ఇసుకలో పరుగు. ఇంటికి మాత్రం వారం వారం కార్డు వచ్చేది, ‘నేనిచ్చట క్షేమం, భోజనం బాగున్నది’ అని. ఒకరోజు సుండల్, అదే మన గుగ్గిళ్లు, అమ్మే ఆవిడ బుట్ట పక్కనే కళ్లు తిరిగి పడ్డాడు. ఆవిడ మొహాన నీళ్లు కొట్టి, పొట్లం చేతిలో పెట్టి, తినేదాకా లేవనివ్వలేదట. డబ్బులివ్వబోతే తిట్టిందట. వాడు ఎవరికీ చెప్పలేదు గానీ, అదే మాన్షన్‌లో ఉన్న కరణంగారబ్బాయి సెలవులకు గూడూరు వెళ్లి చెప్పేశాడు.

మీ నాయనమ్మ మారుమాట్లాడలేదు. మినుములు వేయించి తిరగలిలో విసిరి, సున్నుండలు చేసి డబ్బాకెత్తింది. తెలగపిండి ఒక మూట కట్టింది. నూనె తీసేశాక బలమంతా ఆ పిండిలోనే ఉంటుందని ఆవిడ లెక్క, అందులో తప్పేం లేదు. అరవం ఒక్క ముక్క రాని మనిషి, ఒంటరిగా రైలెక్కి సెంట్రల్‌లో దిగి, చీటీ మీద అడ్రసు చూపించుకుంటూ వెళ్లింది. మాన్షన్లోకి ఆడవాళ్లను రానివ్వరు. డబ్బా ఒళ్లో పెట్టుకుని బయట అరుగు మీద కూర్చుంది. వాడొచ్చేసరికి దీపాలు పెట్టారు. చూసి బిక్కచచ్చిపోయాడు. ఆవిడ మూత తీసి, ‘ముందు తిను’ అంది. బాల్కనీల్లోంచి కుర్రాళ్లంతా చూస్తుండగా రోడ్డు మీద నిలబడి ఒకటి తిన్నాడు, రెండోది తిన్నాడు. చేతి నెయ్యి చొక్కాకి తుడుచుకోబోతే చెయ్యి మీద ఒకటి వేసి, అప్పుడడిగింది, ‘ఏ భోజనంరా బాగున్నది?’ అని.

ఇది వాడు పెళ్లిళ్లలో చెప్పి అందరినీ నవ్విస్తాడు. పద్మ పిన్ని మాత్రం నవ్వదు.

మీ పీజీలోకి నన్నూ రానివ్వరు కాబట్టి రైలెక్కడం లేదు. రమణ శనివారం బృందావన్ ఎక్స్‌ప్రెస్‌లో వస్తున్నాడు, వాడి చేత పంపుతున్నాను. చేసిన గుమ్మడి ఉండలు కాదు, తడి సరుకు రైల్లో ఈ ఎండకు పాడవుతుంది. పొడి కలిపి రెండు కవర్లలో కట్టాను, ఒక్కో కవరు ఒక్కో విడతకు. ఖర్జూరాలు విడిగా ఉన్నాయి. అమ్మ సున్నుండలు కూడా పెట్టింది. గుమ్మడికాయ అక్కడే కొనుక్కో. చేసినవి ఫ్రిజ్‌లో నాలుగు రోజులకు మించి ఉంచకు.

కళ్లు తిరగడం మళ్లీ జరిగితే రక్తపరీక్ష చేయించుకో, డబ్బు నేను వేస్తాను. జరగకపోయినా చేయించుకో. ఉన్నదేదో నాకే చెప్పు, అమ్మకు ఎలా చెప్పాలో నేను చూసుకుంటాను.

ఇట్లు,
నాన్న

తా.క.: స్టీలు డబ్బా రాజ్యం అత్తయ్యది, తిరిగివ్వాలి. అమ్మ దాని మూత మీద ఎర్ర దారం కట్టింది. ఫ్రిజ్‌లో పెట్టేటప్పుడు నీ పేరు రాసి అంటించు, పోయినసారి గోంగూర సీసా ఎవరు తిన్నారో ఇప్పటికీ తేలలేదు.