స్టిమ్యులస్ లెక్కలో 30వ లైను

సంపాదకులకు,

అమెరికాలో 2021 ఆదాయానికి రిటర్ను వేసే గడువు 2022 ఏప్రిల్ 18 అని మీ ఎన్నారై పేజీలో గుర్తుచేశారు. ఆ రిటర్నులో మనవాళ్లు ఎక్కువగా తప్పు చేసింది ఫారం 1040 30వ లైను దగ్గర, అంటే స్టిమ్యులస్ (కరోనా కాలంలో ప్రభుత్వం పంపిన సాయం డబ్బు) లెక్క దగ్గర. దాని గురించి మీ పాఠకులకు వివరంగా తెలియాలి.

2021 మార్చిలో చట్టమైన మూడో విడత మనిషికి 1,400 డాలర్లు. అప్పటికి తన దగ్గరున్న 2019 లేదా 2020 రిటర్ను చూసి ఐఆర్ఎస్ (అమెరికా పన్నుల శాఖ) ఆ డబ్బు ముందే పంపేసింది. అసలు అర్హత తేలేది మాత్రం 2021 లెక్కల మీద. రావాల్సినది ఎంతో లెక్కకట్టి, అందులో వచ్చినది తీసేసి, మిగిలితే ఆ మిగులే 30వ లైనులో వేయాల్సింది. వచ్చిన మొత్తాన్నే అక్కడ వేస్తే రెండోసారి అడిగినట్టయ్యేది. ఐఆర్ఎస్ సరిచేసి నోటీసు పంపేదాకా రీఫండ్ మొత్తం ఆగిపోయేది.

ఎంత వచ్చిందో చెప్పేది 6475 నంబరు లేఖ. జాయింటుగా వేసే దంపతులకు ఇది ఎవరిది వాళ్లకు విడిగా వచ్చింది, ఒక్కోదానిలో సగమే ఉంది. ఇద్దరు పిల్లలున్న ఇంటికి 5,600 వస్తే భర్త లేఖలో 2,800, భార్య లేఖలో 2,800. ఒక్క లేఖే చూసి ఇంకా 2,800 రావాలని వేసేశారు. రెండూ కలపాల్సింది. లేఖ పోతే ఐఆర్ఎస్ వెబ్‌సైటులో చూసుకోవచ్చు, కానీ అక్కడా ఇద్దరూ ఎవరి ఖాతా వాళ్లు తెరవాలి. పంపినట్టు ఉండి చేతికి అందకపోతే 30వ లైనులో అడగకూడదు, ఫారం 3911తో ట్రేస్ (డబ్బు ఎటు పోయిందో వెతికించడం) పెట్టించాల్సింది.

నిజంగా మిగులు ఉన్న ఇళ్లూ చాలానే. 2021లో బిడ్డ పుట్టి ఉంటే పాత రిటర్నులో ఆ బిడ్డ లేదు కాబట్టి 1,400ను 2021 రిటర్నులో అడగాల్సింది. గ్రీన్‌కార్డు మీద వచ్చి పిల్లల దగ్గరే ఉంటున్న అమ్మానాన్నలు, అత్తమామలు డిపెండెంట్లుగా చెల్లితే వాళ్లకూ ఉండేది. మొదటి రెండు విడతల్లో ఈ వీలు లేదు. సోషల్ సెక్యూరిటీ నంబరు మాత్రం తప్పనిసరి. విజిటర్ వీసా మీద వచ్చి వెళ్లే పెద్దలకు వర్తించలేదు. దంపతుల ఏజీఐ (సర్దుబాటు చేసిన మొత్తం ఆదాయం) 1,50,000 దాటితే డబ్బు తగ్గుతూ 1,60,000కి సున్నా అయ్యేది. ఒక బిడ్డ ఉండి ఏజీఐ 1,55,000 అయితే 4,200లో సగం, 2,100. చూడాల్సింది జీతం అంకె కాదు, 401కె లాంటి రిటైర్మెంటు పొదుపులు పోను తేలే ఏజీఐ.

హెచ్-4 (ఉద్యోగ వీసా ఉన్నవాళ్ల కుటుంబ వీసా) మీద ఉండి, సోషల్ సెక్యూరిటీ నంబరు లేక ఐటిన్ (పన్ను కోసమే ఇచ్చే నంబరు) మాత్రమే ఉన్న భార్య లేదా భర్తతో జాయింటుగా వేసినవాళ్లు 2020 రిటర్ను కూడా తీసి చూడాల్సింది. ఆ ఏడాది మార్చి చట్టం ప్రకారం మొదటి విడతలో అలాంటి ఇంటికి పైసా రాలేదు. డిసెంబరు 27న వచ్చిన చట్టం దాన్ని వెనక్కి వెళ్లి సవరించింది. సోషల్ సెక్యూరిటీ నంబరు ఉన్న ఒకరికి 1,200, ఆ నంబరు ఉన్న, 17 ఏళ్లు నిండని ఒక్కో బిడ్డకు 500 చెల్లేవి, ఆదాయ పరిమితికి లోబడి. సవరణ సంగతి తెలియక అప్పట్లో 30వ లైను ఖాళీగా వదిలేసినవాళ్లు సవరణ రిటర్ను 1040-ఎక్స్‌తో 2024 దాకా అడగగలిగేవాళ్లు. అది వాళ్ల హక్కు.

ఇంకో గందరగోళం పిల్లల పేర ఇచ్చే పన్ను రాయితీ అయిన చైల్డ్ టాక్స్ క్రెడిట్‌తో. 2021 జూలై నుంచి డిసెంబరు దాకా నెలనెలా పడిన 250, 300 డాలర్లు స్టిమ్యులస్ కావు. వాటి లేఖ 6419, లెక్క షెడ్యూల్ 8812లో. అక్కడ ఎక్కువ వచ్చి ఉంటే ఆదాయాన్ని బట్టి తిరిగి కట్టాల్సి రావచ్చు. స్టిమ్యులస్‌లో అలా లేదు. 2021లో జీతం పెరిగి అర్హత తగ్గినా వచ్చిన డబ్బు మీదే, దాని మీద పన్నూ లేదు.

ఎఫ్-1 వీసా విద్యార్థులది వేరే సంగతి. మామూలుగా మొదటి 5 క్యాలెండర్ సంవత్సరాలు వాళ్లు పన్ను లెక్కలో నాన్‌రెసిడెంట్లు, వేయాల్సింది వాళ్లకున్న వేరే ఫారం 1040-ఎన్ఆర్, స్టిమ్యులస్ వాళ్లకు లేదు. స్నేహితులు చెప్పారని మామూలు 1040 వేయడంతో డబ్బు వచ్చిపడినవాళ్లు రిటర్ను సవరించి, యూఎస్ ట్రెజరీ పేర చెక్కు రాసి, దాని మీద ఏ విడతో, తమ సోషల్ సెక్యూరిటీ నంబరు ఎంతో వేసి ఐఆర్ఎస్‌కు తిప్పి పంపాలి.

– టాక్స్ రిటర్నులు తయారుచేసే ఒక పాఠకురాలు, ఎడిసన్, న్యూజెర్సీ