చీటీలు వేయకు బిడ్డా

బిడ్డా,

నిన్న ఫోన్‌ల నువ్వన్న మాటే మనసుల మెదులుతున్నది. "నాయినా, ఎమ్మెస్సీ చదవాల్నా, విత్తనాల కంపెనీల కొలువుకు పోవాల్నా, నాకేం తోస్తలేదు. భద్రకాళి గుడిల రెండు చీటీలు వేస్త, అమ్మవారు ఏదిస్తే అది చేస్త" అన్నవు. మీ అమ్మ సరేనన్నది. ఫోన్‌ల అయితే చెప్పాల్సింది సగమే చెప్త, అందుకే రాస్తున్న.

చీటీలు వేయకు. అమ్మవారి మీద నమ్మకం లేక అంటలేను. నారు పోసేనాడు, మిర్చి బస్తాలు మార్కెట్‌కు ఎత్తేనాడు ఆమెను తలుచుకోకుండ గడప దాటను. నమ్ముతా గనకనే అంటున్న. మనం అడిగి తెలుసుకోవాల్సినయి తెలుసుకోకుండ, భయపడి, భారమంతా ఆమె మీద వేసుడు భక్తి కాదు. రేపు కష్టమొస్తే "అమ్మవారే ఇట్ల చేసింది" అనాలనిపిస్తది. ఆ మాట నీ నోట రావొద్దు.

2024ల సమ్మక్క జాతరకు మేడారం పోయినం గదా. నీకు అగ్రి బీఎస్సీ సీటొస్తే నిలువెత్తు బంగారమిస్తనని మీ అమ్మ మొక్కింది. అక్కడ బంగారమంటే బెల్లమే గదా, తక్కెడల ఒక దిక్కు నువ్వు, ఇంకో దిక్కు బెల్లం. అందరు చూస్తున్నరని తల వంచుకున్నవు. మొక్కింది మీ అమ్మ, రాత్రంతా చదివింది నువ్వు. రెండూ కావాలె బిడ్డా. కరువుల కప్పం కట్టలేని జనం కోసం సమ్మక్క కాకతీయుల సైన్యానికి ఎదురు నిలిచిందని మన పెద్దలు చెప్పుకుంటొచ్చిండ్రు. బిడ్డ సారలమ్మ, కొడుకు జంపన్న పోయినంక గూడ వెనుకకు తగ్గలేదంటరు. గద్దె ముందట నిలబడ్డప్పుడల్ల ఆమెను నేనడిగేది ఆ ధైర్యమే. నా బదులు నువ్వే తేల్చమని అడగను.

2021ల నల్ల తామరపురుగు మిర్చి తోటల మీద పడ్డ యాసంగి యాదికుందా? దుకాణపోళ్లు చెప్పిన మందులన్నీ కొట్టినం, పూత నిలువలేదు. చుట్టుపక్కల తోటలు పీకేసిండ్రు. నేను గట్టు మీద తల పట్టుకొని కూసుంటే, నువ్వు పువ్వు తెంపి తెల్ల కాగితం మీద దులిపినవు. నల్లగ, సూది మొనంత పురుగులు రాలి పాకినయి. ఏ పువ్వుల ఎన్ని ఉన్నయో లెక్కపెట్టి పుస్తకంల రాసుకున్నవు. ఎవ్వరు చెప్పలేదు నీకు ఆ పని. ఇంటర్ చదివే పిల్లవు. దేవుడు నీకు చెప్పదలిస్తే ఇంకెట్ల చెప్తడు? నాకైతే అదే చీటీ అనిపిస్తది.

అంటే రాజేంద్రనగర్ వ్యవసాయ యూనివర్సిటీల ఎమ్మెస్సీకే పొమ్మంటున్నవా అని అడుగుతవు. నా మనసు దాయను, నాకు నీ పురుగుల చదువే ఇష్టం. కానీ అది నా ఇష్టం. విత్తనాల కంపెనీల జీతం మంచిగనే ఇస్తమన్నరు, అదీ చిన్న సంగతి కాదు. అండ్ల పనిచేసే ఆడపిల్లనొకామెను పట్టుకొని అడుగు: నెలల ఎన్నొద్దులు ఊర్లు తిరగాలె, మీద ఉన్నోళ్లు ఎట్ల మాట్లాడుతరు, రెండేండ్లు పోయినంక చదువుతనంటే ఇడుస్తరా. ఎమ్మెస్సీ చేస్తున్న సీనియర్లను గూడ అడుగు, వాళ్లకు చదువైనంక ఏం పని దొరుకుతున్నదో. ఇవన్నీ తెలిసినంక గుడికి పో. అప్పుడు కండ్లు మూసుకుంటే మనసు నిలుస్తది. ఏం తెల్వకముందు మూసుకుంటే భయమే కనపడ్తది.

పెండ్లి ఆలస్యమైతదని మీ అమ్మ పోరు పెడ్తున్నది, ఎరికే. అది ఇండ్ల కలపకు. నేను మాట్లాడుత ఆమెతోని. నీది తప్పు నిర్ణయమని ఏడాది తర్వాత తేలినా, ఈ ఇంటికి రానీకి మొఖం చెల్లదని అనుకోవద్దు.

మొన్న ఎనుమాముల మార్కెట్‌ల అమ్మిన మిర్చి పైసలు ముట్టకుండ బ్యాంకుల్నే ఉంచిన. ఫీజుకైనా, హైదరాబాద్‌ల రూము అడ్వాన్సుకైనా అవే. నీ లెక్కల నా అప్పు రాసుకోకు, అది నేను చూసుకుంట. ఏది ఖాయం చేసుకున్నా మొదలు మీ అమ్మకే చెప్పు, నాకు ఆమె చెప్తది.

మీ నాయిన