తేదీలను తిరగేస్తున్న ఎక్సెల్

సంపాదకులకు,

జాబితాల్లో, హాల్‌టికెట్లలో పుట్టిన తేదీ తప్పు పడితే అందరూ ఆపరేటర్‌నే తిడతారు. టైపింగ్ సరిగ్గా ఉన్నా, సీఎస్‌వీ ఫైలును (కామాలతో విడదీసిన ఉత్త అక్షరాల ఫైలు) డబుల్ క్లిక్ చేసి ఎక్సెల్‌లో తెరిస్తే చాలు, తేదీలు మారిపోవచ్చు.

కంప్యూటర్ రీజియన్ సెట్టింగ్ అమెరికాది ఉంటే 05/04/2008ని ఎక్సెల్ మే 4గా తీసుకుంటుంది. 17/04/2008 వస్తే పదిహేడో నెల లేదు కాబట్టి దాన్ని ముట్టుకోకుండా ఉత్త అక్షరాలుగా వదిలేస్తుంది. ఎర్రర్ ఏదీ చూపదు. పసిగట్టడం మాత్రం తేలికే: అలైన్‌మెంట్ ఎవరూ మార్చకపోతే తేదీలైనవి సెల్‌లో కుడివైపుకి, అక్షరాలుగా మిగిలినవి ఎడమవైపుకి ఆనుకుంటాయి. ఒకే కాలమ్‌లో రెండూ కనిపిస్తే అనుమానించాల్సిందే.

ఫార్మాట్ సెల్స్‌లో రోజు-నెల వరస మార్చి సరిచేశామనుకుంటారు. కానీ తేదీగా మారిన సెల్ లోపల ఉండేది ఒక సంఖ్య. 2024 ఏప్రిల్ 5 అంటే 45387, మే 4 అంటే 45416. ఫార్మాట్ మారిస్తే పైకి కనిపించేదే మారుతుంది, ఆ సంఖ్య మారదు.

అందుకే ఖాళీ షీట్ తెరిచి, డేటా ట్యాబ్‌లోని 'ఫ్రమ్ టెక్స్ట్/సీఎస్‌వీ'తో ఫైలు తెచ్చుకోవాలి. వెంటనే లోడ్ నొక్కకూడదు. ట్రాన్స్‌ఫామ్ డేటాలోకి వెళ్లి, కుడిపక్క దానంతటదే చేరిన 'చేంజ్డ్ టైప్' స్టెప్ తీసేయాలి. తర్వాత తేదీ కాలమ్‌పై రైట్ క్లిక్ చేసి, చేంజ్ టైప్, యూజింగ్ లొకేల్, డేట్, ఇంగ్లిష్ (ఇండియా) ఎంచుకోవాలి.

ఇంటి నంబర్ల గోల వేరు. 3-4-12 అని కొడితే మన ఇండియా సెట్టింగ్‌లోనే 2012 ఏప్రిల్ 3 అయి కూర్చుంటుంది. 3-4-784 బతికిపోతుంది, 784ని ఎక్సెల్ ఏడాదిగా ఒప్పుకోదు గనుక. సర్వే నంబరు 12/3ని 2025లో కొట్టి ఉంటే మార్చి 12 అవుతుంది. కంగారుపడి దాన్ని టెక్స్ట్‌గా మారిస్తే 45728 మిగులుతుంది! టైప్ చేయకముందే కాలమ్ మొత్తం ఎంచుకుని, కంట్రోల్, 1 కలిపి నొక్కి టెక్స్ట్ పెట్టాలి. 2023లో మైక్రోసాఫ్ట్ ఇచ్చిన ఆటోమేటిక్ మార్పిడి ఆప్షన్లలో తేదీలకు సంబంధించినది అక్షరాలు, అంకెలు కలిసినవాటికే. డోర్ నంబర్లను అది కాపాడదు.

ఆఫీసుల మధ్య తిరిగే ఫైళ్లలో తేదీని 2008-04-05 అని ఏడాది ముందుగా రాయాలని అధికారులు ఉత్తర్వు ఇవ్వాలి. వచ్చిన సీఎస్‌వీని నోట్‌ప్యాడ్‌లో చూసుకుని, పని కాపీ మీదే చేయాలి. ఎక్సెల్‌లో నేరుగా తెరిచి, ఫార్మాట్ కూడా మార్చి ఒక్కసారి సేవ్ కొడితే ఆ మారిపోయిన తేదీలే అసలు ఫైల్లోకీ ఎక్కేస్తాయి.

– కంప్యూటర్ శిక్షకుడు, ఖమ్మం