పాత భవనాల ఏసీ: టెండరుకు ముందు కొలత

సంపాదకులకు,

హైదరాబాద్ ఆబిడ్స్, బషీర్‌బాగ్, బేగంపేటల్లోనూ, విజయవాడ బందరు రోడ్డు వెంటా పాత వాణిజ్య భవనాల సెంట్రల్ ఏసీ ప్లాంట్లు ఒక్కొక్కటే మార్పుకు వస్తున్నాయి. వయసు ఒక కారణమైతే గ్యాస్ ఇంకో కారణం. చల్లదనం కోసం వీటిలో నింపే ఆర్-22 గ్యాస్‌తో నడిచే కొత్త యంత్రాల తయారీ మన దేశంలో 2024తో ముగిసింది. ఓజోన్ పొరను కాపాడే మాంట్రియల్ ఒప్పందం ప్రకారం 2030 నుంచి ఆ గ్యాస్ మరమ్మతుల కోసం కొద్దిగా మాత్రమే దొరుకుతుంది. కాబట్టి మార్చక తప్పదు. మా అభ్యంతరం మార్చే తీరు మీదే. పాత ప్లాంటు 200 టన్నులైతే (టన్ను ఇక్కడ చల్లబరిచే సామర్థ్యానికి కొలత) కొత్తదీ 200 టన్నులకే టెండరు పిలుస్తారు, తక్కువకు కోట్ చేసినవారికి ఆర్డరు ఇచ్చేస్తారు. రాబోయే ఇరవై ఏళ్ల కరెంటు బిల్లు ఊసు ఆ కాగితాల్లో ఎక్కడా ఉండదు.

పాత టన్నేజీని నమ్మకూడదనడానికి బలమైన కారణముంది. ఆ రోజుల్లో 150 చదరపు అడుగులకు ఒక టన్ను అని ఉజ్జాయింపుగా లెక్క కట్టేవారు. అప్పటి 40 వాట్ల ట్యూబులైటు చోక్‌తో కలిపి 50 వాట్లకు పైగా లాగేది, ఇప్పుడు ఆ చోట 20 వాట్ల ఎల్‌ఈడీ ఉంది. పెట్టెలాంటి పాత మానిటర్లూ పోయాయి. అంత వేడి గదిలోంచి తగ్గినా ప్లాంటు సైజు మాత్రం తగ్గడం లేదు. అవసరానికి మించిన చిల్లర్ (ప్లాంటులో నీటిని చల్లబరిచే యంత్రం) ఊరికే ఆగుతూ, మళ్లీ మొదలవుతూ ఉంటుంది. ఆ వ్యవధిలో చల్లనీళ్ల ఉష్ణోగ్రత పెరిగి, ఆ నీళ్లు పారే కాయిల్ గాలిలోని తేమను లాగలేకపోతుంది. విజయవాడ, విశాఖల్లో కొన్ని ఆఫీసులు చల్లగా ఉన్నా జిడ్డుగా అనిపించడం ఇందువల్లే.

మరి అసలు లోడు ఎంతో తెలుసుకోవడం ఎలా? చల్లనీళ్ల పైపుకు బయట నుంచే బిగించే అల్ట్రాసోనిక్ మీటరుతో గంటకు ఎన్ని ఘనపు మీటర్లు పారుతున్నాయో చూడాలి. దాన్ని చిల్లర్‌లోకి వచ్చే నీటికీ, బయటికి పోయే నీటికీ మధ్య ఉన్న డిగ్రీల తేడాతో గుణించి 3.024తో భాగిస్తే టన్నులు వస్తాయి. ఉదాహరణకు గంటకు 110 ఘనపు మీటర్ల నీరు, 3 డిగ్రీల తేడా ఉంటే 109 టన్నులు. అదే సమయంలో కంప్రెసర్ 125 కిలోవాట్లు తీసుకుంటోందంటే టన్నుకు దాదాపు 1.15 కిలోవాట్లు పడుతున్నట్టు. మంచి వాటర్ కూల్డ్ స్క్రూ చిల్లర్‌కు 0.65 చాలు. ఏడాదికి 3,000 గంటలు, సగటు లోడు 70 శాతం, యూనిట్ 9 రూపాయలు అనుకుంటే 1.13 లక్షల యూనిట్లు, పది లక్షల రూపాయల పైచిలుకు మిగులుతుంది. ఈ భవనానికి మే నెల మధ్యాహ్నం కూడా 109 టన్నులే తేలితే 200 టన్నుల యంత్రంతో పనేముంది? 70 టన్నులవి రెండు పెడితే ఉదయం, సాయంత్రం ఒక్కటే నడుస్తుంది.

ఈ కొలతలో బోల్తా కొట్టేది థర్మామీటర్ల దగ్గరే. తేడాయే 3 డిగ్రీలైనప్పుడు అర డిగ్రీ తప్పు చూపినా లెక్క ఆరో వంతు తారుమారవుతుంది. అందుకే రెండు సెన్సర్లనూ ముందు ఒకే బకెట్ నీళ్లలో ముంచి, ఒకే రీడింగ్ ఇస్తున్నాయో లేదో చూడాలి. తర్వాత పైపులోకి దిగే థర్మోవెల్ గొట్టంలో కాస్త నూనె పోసి సెన్సర్‌ను అడుగుదాకా దింపాలి. పైపు మీద టేపుతో అంటించి తీసిన రీడింగును నమ్మి కోటి రూపాయల ఆర్డరు పెట్టకూడదు.

డిజైన్‌లో 5 డిగ్రీలకు పైగా ఉండాల్సిన ఆ తేడా 3కు ఎందుకు పడిపోతుంది? పాత భవనాల్లో ఏహెచ్‌యూల (గదుల్లోకి చల్లగాలిని పంపే యంత్రాల) దగ్గర, నీటిని కాయిల్‌లోకో పక్కదారిలోకో మళ్లించే త్రీ-వే వాల్వులుంటాయి. వాల్వును తిప్పే యాక్చుయేటర్ కాలిపోయాక ఎవరో వాల్వును చేత్తో తిప్పి వదిలేస్తారు. చల్లనీరు కాయిల్‌లోకి వెళ్లకుండానే తిరిగి ప్లాంటుకు వచ్చేస్తుంది, పంపులు మాత్రం పూర్తి ప్రవాహాన్ని తోస్తూనే ఉంటాయి. వాటి స్థానంలో పక్కదారి లేని టూ-వే వాల్వులు వేసి, పంపుకు వీఎఫ్‌డీ (మోటారు వేగాన్ని మార్చే డ్రైవ్) పెట్టి, లైను చివర ఒక త్రీ-వేను మాత్రం ఉంచితే చిల్లర్‌కు కావాల్సిన కనీస ప్రవాహం తగ్గదు. పంపు డిశ్చార్జ్ వాల్వు ఎప్పుడూ సగం మూసే ఉందంటే పంపు అవసరానికి మించినదని అర్థం. ప్లాంట్ రూమ్ ఆపరేటర్‌కు ఇదంతా తెలుసు, అడిగేవారే లేరు.

ఏహెచ్‌యూ ఫ్యాన్లకు వీఎఫ్‌డీ మంచి పెట్టుబడి. ఫ్యాన్ తీసుకునే పవర్ వేగానికి ఘనం చొప్పున మారుతుంది కనుక 50 హెర్ట్జ్ నుంచి 40కి దించితే దాదాపు సగమవుతుంది. అయితే సెన్సర్ చెడిపోగానే డ్రైవ్‌ను బైపాస్‌లో పెట్టి 50 దగ్గరే నడిపే భవనాలు కోకొల్లలు. పాత మోటారుకు డ్రైవ్ దూరంగా ఉండకూడదు, కేబుల్ పొడవయ్యేకొద్దీ వోల్టేజి పోట్లకు వైండింగు దెబ్బతింటుంది. 25 హెర్ట్జ్ కంటే కిందికి దించితే మోటారు సొంత ఫ్యాన్ గాలి చాలక వేడెక్కే ప్రమాదం ఉంది.

కూలింగ్ టవర్‌కు బోరు నీళ్లు వాడేచోట వేడిని బయటికి వదిలే కండెన్సర్ ట్యూబుల్లో సున్నం పేరుకుపోతుంది. నీటి గట్టిదనం తగ్గించే సాఫ్ట్‌నర్, లవణాలు చిక్కబడిన టవర్ నీటిని వదిలేసే సరైన బ్లోడౌన్ లేకుండా కొత్త చిల్లర్ పెడితే రెండు మూడు వేసవుల్లో అదీ పాతదానిలాగే కరెంటు తాగుతుంది.

ఇంకో రెండు అడ్డదారులున్నాయి. పాత యంత్రంలోనే ఆర్-22 బదులు ఆర్-407సీ అనే గ్యాస్ నింపేస్తామంటారు. దానికి పాత కంప్రెసర్లలోని మినరల్ ఆయిల్ పనికిరాదు, ట్యూబులు ద్రవ గ్యాస్‌లో మునిగి ఉండే ఫ్లడెడ్ ఎవాపరేటర్లలో అసలే కుదరదు. రెండోది, సెంట్రల్ ప్లాంటు పీకేసి అంతస్తుకో వీఆర్‌ఎఫ్ (ఔట్‌డోర్ యూనిట్ నుంచి పలు గదులకు గ్యాస్ పంపే ఏసీ), లేదా స్ప్లిట్లు పెట్టుకోమనడం. ఔట్‌డోర్ యూనిట్లను టెర్రస్ మీద విశాలంగా పెట్టగలిగితే వీఆర్‌ఎఫ్ తప్పేమీ కాదు. కానీ మన దగ్గర భవనం వెనక ఇరుకు డక్టులో ఒకదాని మీద ఒకటి పేరుస్తారు. కింది యూనిట్ల వేడి గాలినే పైవి పీల్చుకుని, ఎండ ముదిరే వేళకు హై ప్రెషర్‌లో ట్రిప్ అవుతాయి.

ఇంధన పొదుపు భవన కోడ్ అమలు ప్రధానంగా కొత్త నిర్మాణాల అనుమతుల దగ్గరే జరుగుతోంది. ప్లాను మారకుండా చిల్లర్ మాత్రమే మార్చుకునే భవనం ఎవరి కంటా పడదు. కనీసం ప్రభుత్వ కార్యాలయాలు, కార్పొరేషన్ల వాణిజ్య సముదాయాల టెండర్లలోనైనా మూడు షరతులు పెట్టాలని సంబంధిత శాఖలను కోరుతున్నాం. కొలిచిన లోడు నివేదిక లేనిదే టెండరు పిలవకూడదు. కొనుగోలు ధరకు పదేళ్ల కరెంటు ఖర్చు కలిపి బిడ్లను పోల్చాలి. చిల్లర్లకూ 2018 నుంచి బీఈఈ (కేంద్ర ఇంధన సామర్థ్య బ్యూరో) స్టార్ లేబుల్ ఉంది కాబట్టి ప్రాతిపదిక లేదనే సాకు చెల్లదు. బిల్లులో 10 శాతం ఆపి, బిగించిన యంత్రం టన్నుకు ఎన్ని కిలోవాట్లు తీసుకుంటోందో అక్కడే కొలిచాక విడుదల చేయాలి. ఆ పరీక్ష ఏప్రిల్, మే నెలల్లో జరగాలి. డిసెంబరులో లోడు బాగా తక్కువ, అప్పటి రీడింగును వేసవికి వర్తింపజేయలేం.

— కొందరు ఏసీ, విద్యుత్ ఇంజినీర్లు, హైదరాబాద్