ఆమెకు తల్లి వేషాలేనా?

సంపాదకులకు నమస్కారం.

విజయశాంతి మళ్ళీ సినిమా చేస్తారా అని నేను అన్నప్పుడల్లా మా ఇంట్లో పిల్లలు నవ్వుతారు. పోయిన 2025లో 'అర్జున్ సన్నాఫ్ వైజయంతి' ఆడలేదు కదమ్మా, ఇంకెవరు తీస్తారు అంటారు. ఆ లెక్క ఆమె ఖాతాలో ఎందుకు రాయాలి? పేరులోనే కొడుకు ముందు, తల్లి వెనక. 1990 నాటి 'కర్తవ్యం'లోని వైజయంతి పేరు, అవే ఖాకీ బట్టలు చూపించి జనాన్ని పిలిచారు. తీరా లోపలికి వెళ్తే ఫైటింగుల్లో పెద్ద వాటా కొడుకుదే.

'కర్తవ్యం' వచ్చినప్పుడు నేను ఖమ్మంలో ఇంటర్ చదువుతున్నాను. ఆడవాళ్ళ టికెట్ల క్యూ గేటు దాటి రోడ్డు మీదికొచ్చింది. అంతకుముందు ఫైటింగు మొదలైతే మేం కబుర్లలో పడేవాళ్ళం, పాట వస్తే తలెత్తేవాళ్ళం. ఆ రోజు పోలీసు వేషంలో తన్నేది ఆమే, ఎవరూ నోరు మెదపలేదు. ఆ పాత్రకే ఆమెకు జాతీయ ఉత్తమ నటి అవార్డు వచ్చింది. 1997లో 'ఒసేయ్ రాములమ్మా' తర్వాతైతే ఇక్కడ ఆమె అసలు పేరు పిలిచేవాళ్ళే తగ్గిపోయారు. రాములమ్మగానే 2009లో మెదక్ ఎంపీ అయ్యారు.

1991లో 'గ్యాంగ్ లీడర్'లో ఆమె చిరంజీవికి జోడీ. ఆయన దాదాపు పదేళ్ళు ఆగి, 2017లో 61 ఏళ్ళ వయసులో తిరిగొచ్చారు. హీరోగానే వచ్చారు, తనకన్నా 30 ఏళ్ళు చిన్నదైన హీరోయిన్‌తో. సంతోషంగానే చూశాం. ఆమె 13 ఏళ్ళ తర్వాత 2020లో వస్తే మహేశ్‌బాబు సినిమాలో ప్రొఫెసరమ్మ. మంచి పాత్రే, కాదనను. కానీ అన్యాయాన్ని నిలదీసేది ఆమె, తన్నేది హీరో. (అన్నట్టు 1989లో, 23 ఏళ్ళకే, పిల్లవాడైన ఆ మహేశ్‌కి తల్లిగా చేశారు!)

వయసు అంటారా? డూపులు, రోప్‌లు, గ్రాఫిక్స్ అరవై దాటిన హీరోలకు పనికొచ్చినప్పుడు ఆమెకెందుకు పనికిరావు? హాంకాంగ్ ఫైటింగ్ సినిమాలతో పైకొచ్చిన మిషెల్ యో 2023లో, 60 ఏళ్ళ వయసులో, ఉత్తమ నటిగా ఆస్కార్ అందుకున్నారు. ఆ అవార్డు తెచ్చిన సినిమాలో ఆమెదీ తల్లి వేషమే, బట్టలుతికే లాండ్రీ నడిపే తల్లి. అయితే కథా ఆమెదే, తన్నులూ ఆమెవే.

అసలు చిక్కు తీరిక. 2025లో ఎమ్మెల్సీ అయ్యారు, రాజకీయం వదిలి షూటింగులకు రావడం తేలిక కాదు. అందుకే ఏడాదికొకటి అడగడం లేదు. ఒక్కటి చాలు. ఓటీటీలో సిరీస్ చేయొచ్చుగా అంటుంది మా అమ్మాయి. వద్దు. ఫోన్లో చూసేదానికి క్యూ ఎక్కడుంటుంది?

రచయితలూ నిర్మాతలూ ఈ ఉత్తరం చూస్తే ఒకమాట. పోస్టర్ మధ్యలో ఆమె బొమ్మ వేయండి. ఆనాడు క్యూలో నాతో నిలబడ్డ ముగ్గురు స్నేహితురాళ్ళూ ఇప్పుడు తలో ఊళ్ళో ఉన్నారు. వాళ్ళకు ఫోన్ చేసి రప్పించి, మార్నింగ్ షోకి నాలుగు టికెట్లు తీసే పూచీ నాది.

– ఒక పాఠకురాలు, ఖమ్మం