కత్తులన్నీ ఆపేస్తే బోండాలెట్లా కొడతార్రా?

ఒరేయ్ శీనూ,

నీ మెసేజ్ చదివా. మీ ఒంగోల్లో వీధి చివర జరిగిన కత్తిపోట్ల గొడవకి నీకు ఒళ్లు మండింది, సరే, కానీ "కత్తుల అమ్మకమే ఆపెయ్యాలి" అంటే ఏ కత్తి దగ్గర మొదలుపెడతావు? మా నెల్లూరు చేపల మార్కెట్‌కి పొద్దున్నే వచ్చి చూడు. చింతమొద్దు మీద వంజరాన్ని పెట్టి ఒక్క వేటుకి ముక్క తెగ్గొడతాడొకాయన, పక్కనే ఒకావిడ కత్తిపీట కాలికింద అదిమిపెట్టి చేపలు శుభ్రం చేస్తా బేరం కూడా ఆడేస్తుంటుంది. గేటు బయట బోండాలాయన చేతిలో కొడవలి. వాళ్ల బువ్వ వాటి మీదేరా.

మనకు చట్టమే లేదనుకోబాక. 1959 నాటి ఆయుధాల చట్టం ఉంది. దాని నియమాల్లో 9 అంగుళాలకి మించిన పొడవో, 2 అంగుళాలకి మించిన వెడల్పో ఉన్న కత్తుల్ని ఆయుధాల్లో చేర్చి, ఇంటికీ సేద్యానికీ పనికొచ్చేవాటిని వదిలేశారు. నాకైతే ఆ గీత బాగానే ఉంది.

ఇంగ్లండ్‌లో కత్తులు బ్యాన్ చేశారని ఎత్తావు కదా. అక్కడ 2024 సెప్టెంబర్ 24 నుంచి జాంబీ కత్తులు ఇంట్లో పెట్టుకున్నా నేరమే. 8 అంగుళాలు దాటి, రంపంలా పళ్లో, చిల్లులో ఉండే రకం. దాంతో వంకాయలు తరిగేదెవడు, పోతే పోనీ. కానీ అదే ఏడు జూలైలో సౌత్‌పోర్ట్‌లో డాన్స్ క్లాసుకొచ్చిన ముగ్గురు ఆడపిల్లల్ని 17 ఏళ్లవాడు చంపింది వంటింటి కత్తితో. ఆన్‌లైన్లో కొన్నాడు! 18 నిండనివాళ్లకి కత్తి అమ్మకూడదని అక్కడ అప్పటికే చట్టముంది, అయినా వాడి చేతికి అందింది.

అందుకే నేననేది, పార్సిల్ ఇచ్చేటప్పుడు ఆధార్ చూసి వయసు సరిచూడమను. పుట్టినరోజు కేకుని తల్వార్‌తో కోసి రీల్స్ పెట్టే మన కుర్రోళ్ల మీద కేసు పెట్టమను, అలంకారానికంటా ఆ తల్వార్లు అమ్మేవాణ్ణి కూడా వదలొద్దు. వైన్ షాపు ముందు తాగి పాత కక్షలు తవ్వుకునేవాడి సంగతి వేరు, వాడికి కత్తి దొరక్కపోతే సీసా పగలగొడతాడు. అక్కడ రాత్రి పది దాటాక ఒక కానిస్టేబుల్ నిలబడితే నీ బ్యాన్ కంటే ఎక్కువ పని జరుగుద్ది.

ఇంకా ఒప్పుకోవా? అయితే మీ వీధి మటన్ కొట్టాయనకి ఏం చెప్తావో ముందు అది రాయి.

నీ
రమణ