కమిషనర్ గారూ, మా పార్కింగ్‌లో ఒక్క ప్లగ్ పాయింట్

విజయవాడ నగరపాలక సంస్థ కమిషనర్ గారికి నమస్కారం.

అమ్మకు మోకాళ్ల నొప్పులు. మే ఎండలో స్కూటర్ మీద ఆస్పత్రికి తిప్పలేక చిన్న ఎలక్ట్రిక్ కారు కొందామనుకున్నాం. జీఎస్టీ 5 శాతమే. మేం చూసిన ఎంజీ కామెట్ కారులో బ్యాటరీ సుమారు 17 యూనిట్లు, 15 ఆంప్స్ ప్లగ్‌కు రాత్రి పెట్టి పడుకుంటే తెల్లారేసరికి నిండుతుంది.

ఆ ప్లగ్‌కే మా అపార్ట్‌మెంట్ అసోసియేషన్ ఒప్పుకోలేదు. మీటరు నాది, వైరు ఖర్చూ నాదేనన్నా వినలేదు. షోరూమ్ నుంచి అడ్వాన్స్ కట్టకుండానే వచ్చేశాం. సత్యనారాయణపురం చేరేదాకా అమ్మ ఒక్క మాట మాట్లాడలేదు.

ఇంటి కనెక్షన్‌తోనే ఛార్జింగ్ పెట్టుకోవచ్చని కేంద్ర విద్యుత్ శాఖ మార్గదర్శకాలు చెబుతున్నాయి. దయచేసి ఆ మాట మీ సంతకంతో అపార్ట్‌మెంట్ సంఘాలన్నిటికీ పంపించండి. కొత్త బిల్డింగ్ ప్లాన్లలో పార్కింగ్‌కు వైరింగ్ చూశాకే అనుమతివ్వండి.

ఇట్లు,
సత్యనారాయణపురం వాసి